నడుముకు బెల్టు కన్నా బలం ముఖ్యం: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? సర్కారు దవాఖానాలో ఏం అడగాలి?

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఊరికి బయల్దేరతారు. డిచ్‌పల్లి దాటి జక్రాన్‌పల్లి చేరేసరికి మీ నడుము పట్టేసి ఉంటుంది. ఇంట్లో అడుగుపెడితే అమ్మ నడుముకు బెల్టు కట్టుకుని కనిపిస్తుంది. మీది కంప్యూటర్ ముందు కూర్చుని తెచ్చుకున్న నొప్పి. ఆమెది బీడీల చాట ముందు ఏళ్ల తరబడి కూర్చుని తెచ్చుకున్న నొప్పి. పనులు వేరైనా ఇద్దరికీ బలహీనపడే కండరాలు చాలావరకు ఒకటే.

నిజామాబాద్ జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. జక్రాన్‌పల్లి, ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు, ఎర్రజొన్న పండిస్తారు. పసుపు తవ్వడం, కొమ్ములు ఏరడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం అన్నీ నడుము వంచి చేసే పనులే. బోధన్ వైపు చెరకు నరికి బండ్లకెత్తిన తరం ఇంకా ఉంది. గల్ఫ్‌లో బరువులు మోసి తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఇక బీడీ కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. నడుము పట్టేసి అయిదు వందలే చుడితే ఆ రోజు చేతికొచ్చేది సగం కూలే. అందుకే ఇక్కడ చాలామంది నొప్పి రాగానే మొదట వెతికేది త్వరగా లేచి కూర్చోబెట్టే సూది.

ఇంతకీ ‘కోర్’ అంటే ఏంటి?

జిమ్ ప్రకటనల్లో కనిపించే సిక్స్ ప్యాక్ కాదు. పొట్టను చుట్టూ పట్టీలా పట్టి ఉంచే లోపలి కండరాలు, వెన్నెముకకు రెండు పక్కలా పూస పూసనూ కలిపే చిన్న కండరాలు, పైన ఊపిరికి పనికొచ్చే డయాఫ్రం, కింద మూత్రాశయాన్ని మోసే కటి కండరాలు... ఈ నాలుగూ కలిస్తేనే కోర్. వీటికి తోడు పిరుదుల కండరాలు.

పసుపు బస్తాను గుర్తుచేసుకోండి. నిండుగా కూరి కుట్టిన బస్తా నిటారుగా నిలబడుతుంది. సగం నింపిన బస్తా మధ్యలో మడత పడి ఒరిగిపోతుంది. పొట్ట చుట్టూ కండరాలు బిగువుగా ఉంటే వెన్నెముక మొదటి బస్తాలా ఉంటుంది. వదులైతే భారమంతా డిస్కుల మీద, పూసల మధ్య కీళ్ల మీద పడుతుంది.

1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ఆసక్తికరమైన విషయం చూపించారు. ఆరోగ్యంగా ఉన్నవారు చేయి ఎత్తాలనుకోగానే, చేయి కదలడానికి ముందే పొట్ట లోపలి కండరం బిగుసుకుంటోంది. నడుము నొప్పి ఉన్నవారిలో ఆ బిగువు ఆలస్యంగా వస్తోంది. అంటే సమస్య బలానిది మాత్రమే కాదు, సమయానికి పని చేయడం మరిచిపోవడం కూడా. కాబట్టి భారీ బరువులతో పనిలేదు. నెమ్మదిగా, సరిగ్గా, రోజూ చేయడమే ఇక్కడ పనికొస్తుంది.

కాన్పు తర్వాత మొదలయ్యే నడుము నొప్పి గురించి కూడా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ‘ఆపరేషన్ అప్పుడు వెన్నుకిచ్చిన సూది వల్లే ఈ నొప్పి’ అని ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. కాన్పు సమయంలో వెన్నుకిచ్చే మత్తు సూదికీ దీర్ఘకాలిక నడుము నొప్పికీ సంబంధం ఉన్నట్టు అధ్యయనాల్లో తేలలేదు. తొమ్మిది నెలలు సాగిన పొట్ట కండరాలు తిరిగి బిగువెక్కకపోవడం, బిడ్డను ఎత్తుకునే, వంగి పాలిచ్చే తీరు అసలు అనుమానితులు. సూదిని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ కండరాలు అలాగే ఉండిపోతాయి.

బెల్టు, స్కానింగ్, సూది

మూడు నెలలకు మించి ఉండే, ప్రత్యేక కారణం కనిపించని నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి సరైన అవగాహన కల్పించడం వంటివి చేయమంది. నడుము బెల్టులు, ట్రాక్షన్, ఓపియాయిడ్ రకం నొప్పి మందులు మామూలుగా వాడొద్దంది. మన మెడికల్ షాపుల్లో ముందువరసలో వేలాడేది మాత్రం ఆ బెల్టే.

ఎంఆర్ఐ మాటేంటి? 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో, ఏ నొప్పీ లేని 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. నొప్పి లేని 80 ఏళ్లవారిలో అది 96 శాతం. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని చూడగానే జీవితాంతం వంగకూడదని భయపడి మంచం పట్టేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి. మంచం మీద గడిపే కొద్దీ కండరం ఇంకా కరిగిపోతుంది.

నొప్పి సూదులు, మాత్రలు ఆ పూటకు పనిచేస్తాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు వాటిని నెలల తరబడి సొంతంగా వాడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఊళ్లో వేయించుకున్న సూదిలో ఏముందో చాలామందికి తెలియదు, అడగరు కూడా. అడగండి.

వ్యాయామానికి ముందు డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్లాలి?

మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, కాలు అకస్మాత్తుగా బలహీనపడినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాల్సిన పరిస్థితి అది. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని బాధ ఉంటే వెన్నెముక టీబీ సహా ఇతర కారణాలు చూడాలి. టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పెద్ద వయసులో జారిపడ్డాక వచ్చిన నొప్పి, గతంలో క్యాన్సర్ ఉన్నవారికి వచ్చిన నొప్పి కూడా ఇదే కోవలోకి వస్తాయి. గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ అయినవారు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

చాప ఒక్కటి చాలు

మొదట బిగింపు నేర్చుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. బొడ్డుకు రెండు పక్కలా వేళ్లు పెట్టి చిన్నగా దగ్గండి. వేళ్ల కింద ఏదో గట్టిపడుతుంది, మీకు కావాల్సింది అదే. ఇప్పుడు దగ్గకుండా ఆ బిగువులో సగం కన్నా తక్కువ తెచ్చుకుని, మామూలుగా ఊపిరి పీలుస్తూ 10 సెకన్లు ఉంచండి. పొట్టను లోపలికి పీల్చడం కాదు, ఊపిరి బిగబట్టడం అసలే కాదు. రెండు మూడు రోజులు ఇదొక్కటే చేసినా తప్పులేదు. మిగతా వ్యాయామాలన్నీ ఈ బిగింపుతోనే చేయాలి.

తర్వాతి మూడూ కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద పరిశోధన చేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ ప్రాచుర్యంలోకి తెచ్చినవి. మొదటిది తల ఎత్తడం. ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాచి, రెండు అరచేతులూ నడుము కింది ఖాళీలో పెట్టండి. తల, భుజాలు నేల నుంచి కొద్దిగా లేపండి, ఒక పుస్తకం దూరేంత చాలు. మెడ నొప్పి ఉన్నవాళ్లు దీన్ని వదిలేసి, పడుకుని ఒక్కో మడమను నేల మీద ముందుకీ వెనక్కీ జరపండి.

రెండోది పక్కకు తిరిగి మోచేయి మీద లేవడం. మోకాళ్లు మడిచి, మోచేయి భుజం కింద ఉంచి, తుంటిని పైకెత్తాలి. భుజం నుంచి మోకాలి వరకు ఒకే గీతలా ఉండాలి. అమ్మకు నేల మీద కష్టమైతే గోడకు పక్కగా నిలబడి, మోచేయి గోడకు ఆనించి ఒరగమనండి.

మూడోది పసిపిల్లలు పాకే భంగిమలో కుడి చేయి, ఎడమ కాలు చాచడం, తర్వాత రెండో వైపు. చూడటానికి తేలిక. నడుము మీద ఖాళీ స్టీలు గ్లాసు పెట్టి చేసి చూడండి, మొదటి రోజు అది దొర్లిపడుతుంది. మోకాళ్లు నొప్పి పుడితే కింద దుప్పటి మడత వేసుకోండి.

వీటికి పిరుదుల వ్యాయామం కలపండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తుంటిని పైకి లేపి ఆపాలి. రోజంతా కూర్చునేవారిలో ఈ కండరమే ఎక్కువగా పని మానేస్తుంది.

ఒక్కోటి 10 సెకన్ల చొప్పున, వైపుకు మూడుసార్లు. వారానికి ఒకటి పెంచుతూ ఆరు దాకా వెళ్లండి. నిమిషాల తరబడి ఆపి ఉంచే ప్లాంక్ చాలెంజ్‌లు యూట్యూబ్‌కు బాగుంటాయి, కొత్తవారికి అక్కర్లేదు. కాళ్లు చాచి పూర్తిగా లేచే సిటప్స్, రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తడం కూడా ప్రస్తుతానికి వద్దు, డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ. సూర్యనమస్కారాలు అలవాటుంటే మానక్కర్లేదు, నొప్పి తగ్గేదాకా ముందుకు వంగే భంగిమలో మోకాళ్లు కొద్దిగా మడవండి. నిద్రలో డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి కాబట్టి లేచిన మొదటి గంటలో పూర్తిగా వంగే పనులు తగ్గించండి. కట్ట చీపురుతో వాకిలి ఊడ్చే పని కూడా ఇందులోకే వస్తుంది. పొడుగు కర్ర ఉన్న చీపురు కొనివ్వడం బెల్టు కొనివ్వడం కన్నా మంచి ఖర్చు.

చేసేటప్పుడు పదికి మూడు లోపు నొప్పి ఉండి మర్నాటికి సర్దుకుంటే ఫర్వాలేదు. నొప్పి నడుము నుంచి తొడలోకి, పిక్కలోకి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేయండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది? ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వండి. 2021లో కోక్రేన్ సంస్థ 249 ట్రయల్స్‌ను పరిశీలించి, దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారికి ఏ చికిత్సా తీసుకోకపోవడం కన్నా వ్యాయామం మేలు చేస్తుందని తేల్చింది. నొప్పి పూర్తిగా మాయమవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. రోజూ నడక కలిస్తే ఇంకా మంచిది. 2022లో ఊరూరా మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు చాలాచోట్ల గడ్డి మొలిచి ఉన్నా, నడవడానికి చోటు దొరుకుతుంది.

పని మానలేనివారికి

రోజుకు వెయ్యి బీడీలు చుట్టాల్సిన మనిషిని ‘అరగంటకోసారి లేవండి’ అనడం చెప్పినంత సులువు కాదు. 25 బీడీల కట్టలు రెండు పూర్తవగానే లేచి నాలుగు అడుగులు వేయడం లెక్కగా పెట్టుకుంటే సుమారు ఆ సమయమే అవుతుంది. నేల మీద కాకుండా పీట మీద, వీపు గోడకు ఆనించి కూర్చుంటే తుంటి మోకాళ్ల కన్నా ఎత్తులో ఉండి నడుము గుండ్రంగా వంగదు. చాట కింద ఏదైనా ఎత్తు పెడితే మెడ కూడా వంగదు. ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకునే మీకూ ఇదే వర్తిస్తుంది.

సర్కారు దవాఖానాలో ఏం అడగాలి?

మొదటి మెట్టు మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం లేదా పల్లె దవాఖానా, పట్టణంలో అయితే బస్తీ దవాఖానా. ‘మాత్రలు రాయండి’ అనడానికి బదులు ‘ఇది వ్యాయామం చేసుకోదగ్గ నొప్పేనా, పరీక్షలు కావాలా?’ అని అడగండి. బీపీ, షుగర్ కూడా అప్పుడే చూపించుకోండి, ఏ నొప్పి మందు ఇవ్వొచ్చో దాన్నిబట్టే ఉంటుంది. అవసరమైతే ఆర్మూర్ లేదా బోధన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి, లేదా నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఆర్థోపెడిక్ విభాగానికి రిఫర్ చేయమనండి. అక్కడ ‘ఫిజియోథెరపీ’ అన్న మాట మీరే ఎత్తండి, రద్దీ ఓపీలో అది తరచూ మరుగున పడుతుంది. అరవై దాటినవారికి జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సేవలు ఉండాలి.

ఆయుష్ వెల్‌నెస్ కేంద్రాల్లో యోగా శిక్షకుల ఏర్పాటు ఉంది. మీ మండలంలో ఏ రోజుల్లో వస్తారో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్నవారికి కేంద్ర కార్మిక సంక్షేమ సంస్థ డిస్పెన్సరీల్లో ఓపీ చికిత్స దొరుకుతుంది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరే చికిత్సలకు, కాబట్టి వ్యాయామం నేర్చుకోవడానికి ఆ కార్డు కోసం ఎదురుచూడక్కర్లేదు.

అమ్మను దవాఖానాకు తీసుకెళ్లే వీలు లేకపోతే ఈ-సంజీవని యాప్‌లో ఉచితంగా డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించవచ్చు. పాత ఎక్స్‌రేలు, ప్రస్తుతం వాడుతున్న మాత్రల చీటీలు ముందే ఫొటో తీసి పెట్టుకోండి. కాల్‌లో డాక్టర్ మొదట అడిగేది వాటి గురించే.