ఎండలో, చలిలో కంటినీటి కథ

శ్రీవారి దివ్యమంగళ రూపాన్ని దర్శించిన క్షణంలో కళ్లు చెమర్చడం భక్తులకు సహజం. తిరుపతి ఎండలో కళ్లు మండి నీరు కారడం, ధనుర్మాసపు వేకువన తిరుమల చలిగాలికి చెంపలు తడవడం మాత్రం వేరు. వీటికి పరిసరాల ఉష్ణోగ్రత, గాలి ప్రధాన కారణాలు. ఈ సంగతి తెలిసిన యాత్రికుడు తన కళ్లకు కలిగే హానిని చాలావరకు తప్పించుకోగలడు.

కంటినీరు కేవలం ఉప్పునీరు కాదు. నల్లగుడ్డును అద్దంలా కప్పి ఉండే కార్నియాపై అది పలుచని పొరగా పరచుకొని ఉంటుంది. అడుగున ఉండే జిగురు పదార్థం ఆ పొరను కంటికి అంటిపెట్టుకొని ఉండేట్లు చేస్తుంది. మధ్యలో నీరు, పైన అతి పలుచని నూనె ఉంటాయి. నీరు త్వరగా ఆవిరి కాకుండా కాపాడే ఆ నూనెను కనురెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథులు అందిస్తాయి. కార్నియాలో రక్తనాళాలు లేవు. మనం మేలుకొని ఉన్నంతసేపు అది ప్రాణవాయువును ముఖ్యంగా ఈ నీటిపొర ద్వారా గాలి నుండే గ్రహిస్తుంది. రెప్ప వేసిన ప్రతిసారీ పొర మళ్లీ సరిగా పరచుకొంటుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. తిరుపతి పరిసరాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. వేడిగాలికి తడిబట్ట ఆరినట్లే కంటిపై నీరూ ఆవిరవుతుంది. మిగిలిన నీటిలో ఉప్పదనం పెరిగి కంటి ఉపరితలాన్ని బాధిస్తుంది. ఇసుక పడినట్లు గరగర, మంట, ఎరుపు, రెప్ప వేయగానే తేటపడే మసక చూపు దీని లక్షణాలు. ఏసీ బస్సులో ముఖానికి నేరుగా తగిలే పొడిగాలి కూడా ఇదే పని చేస్తుంది. ప్రయాణమంతా ఫోను చూస్తే రెప్ప వేయడం తగ్గి బాధ ఎక్కువవుతుంది.

సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమల, దిగువనున్న తిరుపతి కన్నా సాధారణంగా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. చలికి నెయ్యి పేరుకొన్నట్లే రెప్పల అంచుల్లోని నూనె కూడా చిక్కబడవచ్చు. అంతేకాక కార్నియాలో చల్లదనాన్ని పసిగట్టే నాడీతంతువులు ఉన్నాయి. చలిగాలి తగిలినా, నీరు ఆవిరై కంటి ఉపరితలం చల్లబడినా అవి మెదడుకు కబురు పంపుతాయి. వెంటనే కన్నీటి గ్రంథి నీరు వదులుతుంది. ఉష్ణోగ్రతను, స్పర్శను గుర్తించే గ్రాహకాలను కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. కాబట్టి నీరు కారుతున్న కన్ను పొడిబారలేదని అనుకోరాదు. ఎండిన కన్నే తరచూ ఎక్కువగా నీరు కారుస్తుంది.

అలిపిరి మార్గంలోని 3,550 మెట్లను ఎక్కేవారు వేసవిలో వేకువనే బయలుదేరడం మేలు. గొడుగు, కళ్లను పక్కల నుండి కూడా కప్పే అద్దాలు, తగినంత తాగునీరు వెంట ఉంచుకోవాలి. హోమధూమానికి, కర్పూరపు పొగకు కొంత ఎడంగా నిలవాలి. రెప్పలు మూసి గోరువెచ్చని తడిబట్టను ఐదు నుండి పది నిమిషాలు ఉంచితే పేరుకొన్న నూనె కరుగుతుంది. చుక్కల మందును ఎండలో నిలిపిన కారులో వదిలిపెట్టరాదు.

కళ్లు నలపడం, ఆకుపసరు పోయడం ప్రమాదకరం. వైద్యుని సలహా లేకుండా దుకాణంలో కొని వేసుకొనే స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గించినట్లే కనిపించి, లోపలి ఇన్ఫెక్షన్‌ను ముదరబెట్టగలవు. తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డుపై తెల్లమచ్చ, చూపు తగ్గడం వంటివి కనిపిస్తే ఆ రోజే కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి. మధుమేహం ఉన్నవారిలో కంటి స్పర్శ మందగించి నొప్పి తెలియకపోవచ్చు కనుక వారు మరింత జాగ్రత్త వహించాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రి, శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి.

వాయులింగ క్షేత్రమైన శ్రీకాళహస్తిలో స్వామి కంటి నుండి రక్తం కారడం చూసి తన కన్నునే పెకలించి అర్పించిన కన్నప్ప మన సీమ భక్తుడు. ఆయన రెండవ కన్ను కూడా ఇవ్వబోగా స్వామియే వారించి చూపు ప్రసాదించాడని స్థలపురాణం. మన కళ్లూ ఆ స్వామి ఇచ్చినవే. వాటిని జాగ్రత్తగా కాపాడుకోవడం కూడా ఆయన సేవయే.