చీర బరువు చెప్పు ఆమ్లబిందువు

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి సూరతునకు వలసపోయి లింబాయత్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబములవారు సాంచెలమీద, అనగా మరమగ్గములమీద, నేయు పాలిస్టరు గుడ్డ, సాంచె దిగునప్పటికి ఇంకను బిరుసుగానే యుండును. అది జార్జెట్టు చీరయై ఒంటికి అమరవలెనన్నచో, పండేసరా వంటి చోట్లనున్న అద్దకపు మిల్లులలో, కాగుచున్న కాస్టిక్ సోడా నీటియందు నూటికి ఇరువది పాళ్లవరకు తన బరువును కోల్పోవలెను. క్షారము దారపు పైపొరను కొరుకుట చాలనిచో గుడ్డ బిగిసియుండును, మించినచో చినుగును. తొట్టిలో క్షారమెంత మిగిలినదో వ్రేలు ముంచి చూచుటకు వీలుగాదు గదా!

బలము తెలిసిన ద్రవమును కొలిచి విడుచుచు తెలియని ద్రవపు బలమును కనుగొను అంశమాపనము (టైట్రేషను) అక్కరకు వచ్చునది ఇచటనే. ఈ విద్య బట్టల ఊరనే ఎదిగినది: ఫ్రాన్సు దేశమున నేతకు పేరొందిన రువాఁ నగరమునందు డెక్రువాజీ అను రసాయనజ్ఞుడు, 18వ శతాబ్ది చివర, గుడ్డలు తెలుపుచేయు క్లోరిను నీటి బలమును నీలిమందు రంగు పోవుటనుబట్టి కొలిచెను.

మన తొట్టి 1000 లీటర్లది, గుడ్డ 100 కిలోలు, సోడా లీటరుకు 40 గ్రాములు అనుకొందము. పిపెట్టుతో తొట్టి నీరు 10 మిల్లీలీటర్లు కూపిలోనికి తీసి, ఫినాఫ్తలీన్ అను సూచికను రెండు చుక్కలు చేర్చినంతనే గులాబివన్నె పుట్టును. బ్యూరెట్టునుండి 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లమును విడుచుచు, ఏ బిందువుతో వన్నె మాయమగునో అచ్చట ఆపవలెను. మొదట 20 మిల్లీలీటర్లు పట్టిన ఆమ్లము, గుడ్డ కాగిన కొంతసేపటికి మరల తీసిన నీటికి 15.8 మాత్రమే పట్టినది. దానిని 0.5తో గుణించి 10తో భాగింపగా 0.79 నార్మల్, సోడా తుల్యభారము 40 గనుక లీటరుకు 31.6 గ్రాములు. ఖర్చైనది తొట్టి మొత్తముమీద 8.4 కిలోలు. 80 పాళ్ల సోడా 192 పాళ్ల పాలిస్టరును కరిగించును గనుక, గుడ్డను పైకి తీసి తూచకయే, సుమారు 20 కిలోలు కరిగినదని తెలిసినది.

అయితే సూచిక మారినచో లెక్కయు తారుమారగును. కరిగిన పాలిస్టరు సోడియం టెరెఫ్తలేటుగా మారి ఆ నీటియందే నిలుచును. మిథైల్ ఆరెంజ్ అను మరియొక సూచిక రంగు మారులోపల ఆమ్లము ఈ లవణముతోగూడ కలియుటచేత, లేని సోడా ఉన్నట్లు తోచును. ఫినాఫ్తలీన్ అంతదూరము పోక, పి.హెచ్. 8 దరిదాపుననే వన్నె విడుచును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి కార్బొనేటైన సోడా మాత్రము సగము దీని లెక్కలోనికిని దూరును. అందుచే నేర్పరియైన పనివాడు కూపిలో ముందుగా బేరియం క్లోరైడు చేర్చి, కార్బొనేటును తెల్లని మడ్డిగా దింపి, పిదపనే బ్యూరెట్టు తిరుగుడును త్రిప్పును.