దీవుల ఇళ్లలో తెలుగు బొమ్మల పుస్తకం

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం దానిదే. అయితే బజారులోనూ ఆటస్థలంలోనూ హిందీయే వినిపిస్తుంది కనుక, ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన కుటుంబాల్లో రెండేళ్ల బిడ్డకు తెలుగు మాట దొరికే చోటు ప్రధానంగా ఇల్లే. ఒడిలో కూర్చోబెట్టుకుని చదివి వినిపించే బొమ్మల పుస్తకాన్ని ఎంచుకోవడంలో అక్కడ అదనపు శ్రద్ధ అవసరమయ్యేది ఇందువల్లనే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధనలో, తల్లిదండ్రులు చదువుకుంటూ పోక మధ్యమధ్య ప్రశ్నలడిగి, బిడ్డ చెప్పిన ముక్కను వాక్యంగా పెంచి పలికిన ఇళ్లలో, 21 నుంచి 35 నెలల పిల్లలు నాలుగు వారాలకే మాట్లాడే నేర్పులో తోటివారికంటే ముందుకు వెళ్లారు. సంభాషణాత్మక పఠనమనే ఈ పద్ధతికి, పుటకొక దృశ్యమూ రెండు మూడు చిన్న వాక్యాలూ ఉండి, పెద్దల మాటకు చోటు మిగిల్చే పుస్తకం అనువైనది. పుట నిండా అక్షరాలున్నది, కథ ఎంత గొప్పదైనా, ఈ వయసుకు బరువే.

బొమ్మలో పీత, పడవ, కొబ్బరిచెట్టు వంటి బిడ్డ రోజూ చూసేవి ఉంటే వీధిలో హిందీ పేరుతో తెలిసిన వస్తువుకు ఇంటి పేరు కూడా అతుకుతుంది. అచ్చులో ‘పిల్లవాడు’ అని ఉన్నచోట శ్రీకాకుళపు ఇంట్లో ‘గుంటడు’ అని చదవడం తప్పు కాదు సరికదా, బిడ్డ చెవికి అదే దగ్గర.

చెన్నైలోని తూలిక తెలుగు–ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలను ప్రచురించింది. వాటిలో ఒక్కో వాక్యాన్నీ రెండు భాషల్లో చదివితే కథ లయ తెగిపోతుంది కాబట్టి, ఒక పూటకు ఒకే భాష మేలు. సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ ప్రచురణలు తక్కువ ధరకు లభిస్తాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్ వేదికలోని తెలుగు కథలను ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు గనుక, పుస్తకం ఓడలో వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు.

అక్షరాలే లేని బొమ్మల పుస్తకాన్ని చాలామంది కొనకుండా వదిలేస్తారు. చదువు రాని నాయనమ్మ కూడా తన ఊరి మాటల్లో చెప్పగలిగేది ఆ పుస్తకాన్నే. మర్నాడు ఆమె కథను కాస్త మార్చి చెబితే, నిన్నటి మాట కోసం పట్టుబట్టేది ఆ బిడ్డే.