పాత నగరము నేర్పు పాఠము

విద్యార్థమై విదేశములకు పోయినవారు తరగతిగదిలో నేర్చునది కొంత. వారాంతమున వీధులవెంట తిరిగి నేర్చునది మఱికొంత. ఈ రెండవ చదువునకు పరీక్షలు లేవు, పట్టములు లేవు. అయినను అది జీవితాంతము మనిషిని విడువదు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి మైదానమున పెరిగిన బాలునకు చూపు అడ్డములేక దిగంతము వఱకు పోవును. ఎటు చూచినను పత్తిచేలు, మిరపతోటలు, నడుమ నొక చెఱువుగట్టు. కొండపై నిలిచిన నగర మెట్లుండునో అతడు పుస్తకములలో చదువవలసినదే. ఇట్టి సీమనుండి 1911లో ఒక యువకుడు సముద్రములు దాటి స్కాట్లండు దేశమునకు పోయెను. ఆయనయే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించి, గుంటూరు ప్రాంతమున పెరిగిన ఆయన, మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివెను.

ఎడింబరో ఐరోపాలోని ప్రాచీన నగరములలో నొకటి. విశ్వవిద్యాలయము పాత పట్టణమును ఆనుకొనియే యున్నది. కనుక అచ్చటి విద్యార్థి పాత నగరమును చూచుటకు రైలెక్కి పోనక్కఱలేదు. శనివారమున పుస్తకము మూసి వాకిట అడుగుపెట్టిన చాలును.

పడమట ఎన్నడో చల్లారిన అగ్నిపర్వతపు శిలపై కోట నిలిచియున్నది. తూర్పున హోలీరూడ్ రాజప్రాసాదము. ఈ రెంటిని కలుపుచు ఒక మిట్టమీదుగా రాజవీధి దిగివచ్చును. దానికి ఇరువైపుల చేపముల్లువలె ఇఱుకు సందులు చీలును. ఆ వీధిలోని యిండ్లు కొన్ని ఏడెనిమిది అంతస్తుల ఎత్తు. అవి కట్టిననాడు విద్యుచ్ఛక్తి లేదు, ఎత్తుబండి లేదు. మఱి అంత ఎత్తున ఏల కట్టిరి?

దీనికి కారణము నేలలోను, చరిత్రలోను గలదు. మిట్ట సన్ననిది, ఉత్తరమున పల్లమునందు చెఱువుండెడిది. 1513లో ఫ్లాడెన్ యుద్ధమున స్కాట్లండు రాజు ఆంగ్లేయుల చేతిలో హతుడయ్యెను. శత్రువు పైబడునను భయముతో పౌరులు ఊరిచుట్టు క్రొత్త ప్రాకారమును పెంచిరి. తరువాత జనము పెరిగినను ఊరు గోడను దాటి పోవుటకు జంకెను. ప్రక్కకు పెరుగలేని పట్టణము పైకి పెరిగినది. పై అంతస్తులవారు మురుగునీటిని కిటికీలనుండి వీధిలోనికి పాఱబోయుచు, క్రింద నడచువారు తొలగుటకై “గార్డీలూ” అని కేకవేసెడివారట!

1767లో జేమ్స్ క్రెయిగ్ అను యువశిల్పి గీచిన పథకము ననుసరించి ఉత్తరమున క్రొత్త పట్టణము వెలసెను. వీధులు తిన్నగా, విశాలముగా నుండుటచే ధనవంతులు అచ్చటికి తరలిరి. పాత పట్టణము పేదలకు మిగిలినది. బాగుచేయువారు లేక యిండ్లు కూలిపోజొచ్చెను. వానినన్నింటిని పడగొట్టుటయే మేలని పలువురు తలచిరి.

అట్లు తలపనివాడు ప్యాట్రిక్ గెడ్డీసు. ఆయన జీవశాస్త్రవేత్త. రోగి కాలు నొచ్చినచో దేహమునెల్ల కోయరు గదా! అట్లే ఊరిలో మిగుల చెడిన యింటినే తొలగించి, గాలి వెలుతురు వచ్చునట్లు చేసి, తక్కిన యిండ్లను బాగుచేయవలెనని ఆయన మతము. ఆయన భార్యతో కూడ పోయి పేదలుండు సందులోనే కాపురముండెను. 1887లో పాత పట్టణమున విద్యార్థులే స్వయముగా నడుపుకొను వసతిగృహమును స్థాపించెను. 1892లో కోట చెంత నొక గోపురమును కొని దానిని ప్రదర్శనశాలగా మార్చెను. పై అంతస్తున ఎడింబరో, దానిక్రింద స్కాట్లండు, అట్లు దిగుచు పోగా అన్నిటికి అడుగున ప్రపంచము! తన ఊరిని ఎఱిగినవాడే లోకమును ఎఱుగునని దాని భావము.

గెడ్డీసు 1914లో భారతదేశమునకు వచ్చెను. ఆయన నగరప్రదర్శన సామగ్రిని తెచ్చుచున్న ఓడను ఎమ్డెన్ అను జర్మను నౌక ముంచివేసెను. మిత్రులు క్రొత్త సామగ్రిని సేకరించి పంపగా, 1915 ఆరంభమున ఆ ప్రదర్శనము మద్రాసున జరిగెను.

పాత నగరము విద్యార్థికి నేర్పునదేమి? ఊరనగా గోడలు కాదు, పన్నుల పద్దు కాదు. అందు నివసించు జనము. ఈ సత్యము గోపాలకృష్ణయ్య స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట, చేనేతకు పేరుపడిన చీరాలలో పరీక్షకు వచ్చెను. 1919లో ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసెను. పన్నులు పలురెట్లు పెరిగెను. తమకు వలదని జనులు మొఱపెట్టినను ప్రభుత్వము వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు వచ్చి, ఊరు విడిచిపోవుట యొక మార్గమని సూచించెను. గోపాలకృష్ణయ్య నాయకత్వమున సుమారు 13,000 మంది ఇండ్లకు తాళములు వేసి, పొలిమేర వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి నెలల తరబడి నివసించిరి. నాయకుడు చెఱసాల పాలయ్యెను. 1922లో జనులు తిరిగి ఇండ్లకు వచ్చిరి. వారు కోరినది ఆనాడు నెఱవేఱలేదు. అయినను జనము లేనిదే ఊరు లేదని లోకమునకు చాటిరి.

బాలబాలికలారా! ప్రాచీన నగరములు ఐరోపాలోనే లేవు. చీరాలకు చేరువనే మోటుపల్లి రేవు కలదు. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన వర్తకుల సరకును పూర్వరాజులు హరించెడివారనియు, తాను అట్లు చేయననియు కాకతి గణపతిదేవుడు 1244లో అచ్చట అభయశాసనము వ్రాయించెను. ఆ శతాబ్దము చివర వెనిసు నగరమునుండి వచ్చిన మార్కోపోలో ఈ సీమను గూర్చి వ్రాసెను. అనగా, నేడు మన విద్యార్థి వారి నగరములను చూడబోవునట్లే, నాడు వారి యాత్రికుడు మన నగరమును చూచెను. మీకును సెలవుదినములు కలవు. మీ ఊరి పాత వీధిలో నడచి, అది ఏల వంకరగా నున్నదో పెద్దల నడిగి తెలిసికొనుడు.