దగ్గు తగ్గాక కూడా టీబీ మందు ఎందుకు? జవాబు ల్యాబ్‌లో దొరికింది

"అన్నా, టీబీ మందు మొదలుపెట్టి రెండు నెలలైంది. దగ్గు పోయింది. ఆకలి వేస్తోంది, బరువు కూడా పెరిగాను. ఇంకో నాలుగు నెలలు ఎందుకు మింగాలి?"

మన పాడ్‌కాస్ట్ వినేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పులేదు. మందు కోసం రోజూ వెళ్లాలంటే డ్యూటీ టైము సర్దుకోవాలి, సూపర్‌వైజర్‌కి చెప్పుకోవాలి, రూమ్‌లో వాళ్ల చూపులు భరించాలి. ఒంట్లో బాగున్నప్పుడు ఇదంతా దేనికి అనిపిస్తుంది. ఎపిసోడ్‌లో టైము చాలక క్లుప్తంగా చెప్పి వదిలేశాను. ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎక్స్‌రేది అనుమానం, తెమడది సాక్ష్యం

సింగపూర్‌కి వర్క్ పర్మిట్ మీద కొత్తగా వచ్చినవాళ్లకి దిగిన రెండు వారాల్లోపు మెడికల్ చేయిస్తారు. అందులో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకైతే బయల్దేరక ముందే మన దగ్గరే తీస్తారు. ఊపిరితిత్తి మీద నీడ ఉందని ఎక్స్‌రే చూపిస్తుంది. అది ఇప్పుడున్న జబ్బా, ఎప్పుడో మానిన మచ్చా, వేరే ఇన్‌ఫెక్షనా అన్నది చాలాసార్లు ఎక్స్‌రే ఒక్కదానితో తేలదు. తేల్చేది తెమడ పరీక్ష.

అందుకే చిన్న డబ్బా చేతికిచ్చి, పొద్దున్నే గట్టిగా దగ్గి తెమడ తీసి ఇమ్మంటారు. నోట్లో ఊరే ఉమ్మి పనికిరాదు, లోపలి నుంచి రావాలి. ల్యాబ్‌లో దాన్ని గాజు పలక మీద పూసి, ఎర్ర రంగు పట్టించి, యాసిడ్‌తో కడుగుతారు. మిగతా క్రిములు రంగు వదిలేస్తాయి, టీబీ క్రిమి వదలదు. నీలం రంగు మీద సన్నని ఎర్ర పుల్లల్లా మైక్రోస్కోప్‌లో కనబడుతుంది. అయితే ఒక మిల్లీలీటరు తెమడలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములుంటే గానీ ఇలా దొరకవు. అంతకన్నా తక్కువుంటే వాటిని పెంచి చూడాలి, అంటే కల్చర్ చేయాలి.

ఇక్కడే ఓపిక కావాలి. మామూలు పేగు క్రిమి 20 నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. గుడ్డు కలిపి చేసిన ఆకుపచ్చ గట్టి మీడియం మీద అది కంటికి కనబడేంత పెరగడానికి 3 నుంచి 8 వారాలు పట్టొచ్చు. రిపోర్ట్ ఆలస్యమైతే ల్యాబ్ వాళ్లు నిద్రపోతున్నారని కాదు, క్రిమే నెమ్మది అన్నమాట.

రోగుల కన్నా క్రిములను ఎక్కువ చూసిన డాక్టరు

డెనిస్ మిచిసన్ (1919–2018) బ్రిటన్‌కి చెందిన మెడికల్ మైక్రోబయాలజిస్ట్. డాక్టరే, కానీ పనంతా ల్యాబ్‌లో. ఆరు నెలల మందు వెనక ఉన్న లెక్కలో ఆయనది పెద్ద చెయ్యి.

టీబీకి పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్. దాన్ని బ్రిటన్‌లో పద్ధతి ప్రకారం పరీక్షించి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలకి, మందు తీసుకున్న 55 మందిలో 4గురు చనిపోయారు. మందు లేకుండా మంచం మీద విశ్రాంతి ఒక్కటే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. అందరూ సంబరపడ్డారు. కానీ ఐదేళ్లయ్యేసరికి రెండు గుంపుల్లోనూ సగానికి పైగా పోయారు.

ఎందుకలా జరిగింది? జవాబు ల్యాబ్‌లో దొరికింది. మందు వాడుతున్నవాళ్ల తెమడలోని క్రిములు ఆ మందుకి లొంగడం మానేశాయి. లండన్ బ్రాంప్టన్ హాస్పిటల్‌లో పనిచేసిన మిచిసన్ ఈ మార్పు మీద 1950లో పరిశోధన పత్రం రాశారు. సంగతి ఇది: ఊపిరితిత్తిలో పడ్డ పెద్ద గుంతలో కోట్ల క్రిములుంటాయి. లక్షల్లోనో కోట్లలోనో ఒకటి పుట్టుకతోనే ఒక మందుకి మొండిది. ఒకే మందు ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఆ మొండిదానికి పొలమంతా ఖాళీ అవుతుంది. రెండు మూడు మందులు కలిపిస్తే ఒకదానికి లొంగనిది ఇంకోదానికి లొంగుతుంది. మీ చేతిలో అన్ని మాత్రలు పెట్టడానికి కారణం ఇదే. వాటిలో నచ్చినవి వేసుకుని మిగతావి పక్కన పెడితే మొండి క్రిముల్ని మనమే పెంచినట్టు.

మద్రాసు ఇరుకిళ్లలో తేలిన నిజం

మందులు రాకముందు మనవాళ్లకి క్షయ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం గుర్తొచ్చేది. 1915లో తెరిచిన శానిటోరియం అది. మంచి గాలి, తిండి, నెలల తరబడి విశ్రాంతి, అదే వైద్యం. బీదవాళ్లందరికీ అన్ని మంచాలు ఎక్కడివి?

1956లో మద్రాసులో టీబీ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. మొదటి డైరెక్టర్ వాలెస్ ఫాక్స్. ఇప్పుడది చెన్నైలో జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఆ కేంద్రం అధ్యయనాల్లో మిచిసన్ కూడా పాలుపంచుకున్నారు. 193 మంది బీద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి ఇరుకిళ్లలోనే మందు ఇచ్చారు. 1959లో వచ్చిన ఫలితం: ఇద్దరికీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాలకి జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు.

డార్మిటరీలో ఉండే మనకి ఈ మాట చాలా ముఖ్యం. టీబీ గాలి ద్వారా వస్తుంది. కంచం, గ్లాసు, దుప్పటి వల్ల రాదు. సరైన మందు పడ్డాక సాధారణంగా కొద్ది వారాల్లోనే ఇతరులకి అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. జబ్బు ఉందని తెలిసిన మనిషిని వెలివేసినట్టు చూస్తే పక్కవాడు తన దగ్గు దాచుకుంటాడు. అప్పుడే అందరికీ ప్రమాదం.

కునుకు తీసే క్రిములు, సింగపూర్ లెక్క

ఆ రోజుల్లో మందు ఏడాది, ఏడాదిన్నర వాడాల్సి వచ్చేది. ఎందుకంత కాలం అన్నదానికి మిచిసన్ ఇచ్చిన వివరణ ఇది. చురుగ్గా పెరిగే క్రిములు మొదటి రోజుల్లోనే చచ్చిపోతాయి. వాటిలో చాలావాటిని ఐసోనియాజిడ్ చంపుతుంది. దగ్గు, జ్వరం తగ్గేది అప్పుడే. కానీ కొన్ని కునుకు తీస్తుంటాయి. పెరగని క్రిమి మీద చాలా మందులు పనిచేయవు. మధ్యలో కాసేపు లేచి మళ్లీ పడుకునేవాటిని రిఫాంపిసిన్ పట్టుకుంటుంది. పుల్లని వాతావరణంలో దాక్కున్నవాటిని పైరజినమైడ్ పడుతుంది. ఈ రెండూ కలిశాకే చికిత్స ఆరు నెలలకి దిగింది.

దీన్ని రుజువు చేసిన దేశాల్లో మనం ఉంటున్న సింగపూర్ ఒకటి. 1970లలో ఇక్కడి టీబీ సర్వీస్, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి 6 నెలల చికిత్సని, 4 నెలల చికిత్సని పోల్చి చూశాయి. నాలుగు నెలలకి ఆపినవాళ్లలో రోగం తిరగబెట్టడం ఎక్కువ కనబడింది. ఆరు నెలలు పూర్తి చేసినవాళ్లలో అది చాలా అరుదు. అంటే ఆరు నెలలు అన్నది ఎవరో నోటికొచ్చిన అంకె కాదు. మందు ఆపాక కూడా నెలల తరబడి తెమడ తీసి, కల్చర్ చేసి, వేచి చూసి తేల్చిన అంకె.

రెండు నెలలకి మీకు తగ్గినట్టుండటం నిజమే. ఆ కునుకు తీసేవి ఇంకా లోపలే ఉండటమూ నిజమే.

ఇప్పటి యంత్రాలు

ఇప్పుడు ఎక్స్‌పర్ట్ యంత్రం క్రిమి డీఎన్ఏని రెండు గంటల్లోపు పట్టేస్తుంది, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2010లో సిఫారసు చేసింది. మన దేశంలో తయారైన ట్రూనాట్‌కి 2020లో ఆమోదం వచ్చింది. ఒక చిక్కేమిటంటే, చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా వీటికి దొరుకుతుంది. అందుకే చికిత్స ఎలా సాగుతోందో చూడ్డానికి ఇప్పటికీ స్మియర్, కల్చర్ చేస్తారు.

మనం చేయాల్సింది

రెండు మూడు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే దాచకుండా డాక్టరుకి చూపించండి. సింగపూర్‌లో పాలీక్లినిక్‌లో నర్సు ఎదుటే మాత్రలు మింగమంటారు. క్లెమెంటి చుట్టుపక్కల ఉండేవాళ్లకి క్లెమెంటి పాలీక్లినిక్ ఉంది. అది మీ మీద నమ్మకం లేక కాదు, ఆరు నెలలు ఒంటరిగా గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరు దగ్గరకెళ్లండి. మీ అంతట మీరు మందు మార్చకండి.

మధ్యలో ఇండియా వెళ్లాల్సి వస్తే ల్యాబ్ రిపోర్టులు, మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీ రాసిన కాగితం అడిగి తీసుకోండి. విమానం ఎక్కే ముందు కొన్ని రోజులకి సరిపడా మాత్రలు అడగండి. ఊళ్లో ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం. నిక్షయ్‌లో పేరు నమోదైతే పోషణ కోసం నెలకి 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. ఇండియాలో ఉచిత హెల్ప్‌లైన్ 1800 11 6666. ఇంటికి చేరాక చుట్టాలందరినీ చూడటం రేపైనా అవుతుంది. ముందు ఆ కాగితం తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.