ఆసియా బెర్తు ఒక్క క్లబ్బుకే

యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌కు అగ్రశ్రేణి దేశాల నుంచి మూడేసి క్లబ్బులు పోటీపడతాయి. ఆసియా ఛాంపియన్స్ లీగ్‌లో భారత్‌కు దక్కేది ఒక్క బెర్తే. అది ఇండియన్ విమెన్స్ లీగ్ విజేతది. రన్నరప్‌కు చోటు లేదు.

2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి ఈస్ట్ బెంగాల్ ఆ టైటిల్ ఖాయం చేసుకుంది. గోల్ కొట్టింది నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య.

టైటిల్ గెలిచినా గ్రూప్ దశకు నేరుగా వెళ్లలేరు. ర్యాంకింగ్‌లో వెనకబడిన దేశాల ఛాంపియన్లు ముందు ప్రిలిమినరీ ఆడాలి. ఆగస్టులో కంబోడియాలో ఈస్ట్ బెంగాల్ నామ్‌పెన్ క్రౌన్‌పై 1-0తో నెగ్గి, హాంకాంగ్ క్లబ్ కిచీతో 1-1 డ్రా చేసుకుని ఆ గండం దాటింది.

ఒక్కోసారి అర్హత కూడా చాలదు. 2022లో గోకులం కేరళ జట్టు ఆసియా క్లబ్ టోర్నీ కోసం ఉజ్బెకిస్తాన్ చేరాక, భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేయడంతో ఆడకుండానే వెనుదిరిగింది.