డేగ కాని డేగ

కిందటి ఎండాకాలం సెలవులకి గార్లలో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లా. అప్పటికే రెండు కోడిపిల్లలు మాయమయ్యాయి, మామయ్య మంట మీదున్నాడు. ఓ పొద్దున వేపచెట్టు మీద బూడిదరంగు పక్షి వాలింది. చారల తోక, డేగలాంటి ఎగురుడు. కొత్తగా బైనాక్యులర్స్ కొన్న ఊపులో "షిక్రా! డేగ!" అని అరిచేశా. మామయ్య గులేరు అందుకున్నాడు.

అంతలో అది తోకని అటూ ఇటూ ఊపింది. మళ్లీ చూశా. ముక్కుకి కొక్కెం లాంటి వంపు లేదు. "ఆగు మామా, అది డేగ కాదు!" అన్నా.

"ఇప్పుడేగా డేగన్నవు?"

సమాధానం పక్షే చెప్పింది. మెట్లెక్కినట్టు గొంతు పెంచుకుంటూ ఒకటే కూత. అది కోకిల జాతిదైన హాక్ కుకూ. తినేది ఎక్కువగా గొంగళి పురుగులు. గుడ్లు బాబ్లర్ పిట్టల గూళ్లలో పెడుతుంది. ఆ డేగ వేషం చూసి చిన్న పిట్టలు బెదురుతాయి. నేనూ మోసపోయా. నా తొందరపాటు దాని ప్రాణం మీదికి తెచ్చేదే!

ఆ రోజు నుంచి రంగు చూసి పేరు పెట్టడం మానేశా. ముందు ముక్కు చూస్తా: కొక్కెంలా వంగి ఉంటేనే డేగ. తర్వాత గొంతు. మన ఊళ్లలో మామూలుగా కనిపించే షిక్రాకి గొంతు మధ్యలో సన్నటి గీత ఉంటుంది. దట్టమైన అడవిని ఇష్టపడే బెస్రాకి అదే గీత లావుగా, నల్లగా కొట్టొచ్చినట్టు ఉంటుంది. చలికాలంలో వలసొచ్చే స్పారోహాక్‌కి ఆ గీతే ఉండదు, కంటిపైన తెల్లటి కనుబొమ్మ ఉంటుంది. ఎగురుతుంటే రెక్కల చివర వేళ్లలా విడిపడే ఈకలు లెక్కపెట్టండి: షిక్రాకి, బెస్రాకి 5, స్పారోహాక్‌కి 6. పిల్ల డేగలతో మాత్రం జాగ్రత్త. అన్నిటికీ గోధుమరంగు వీపు, ఛాతీ మీద మచ్చలే. అలాంటప్పుడు నోట్‌బుక్‌లో "ఏదో డేగ" అని రాసి వదిలేస్తా.

నిజంగా షిక్రాయే అయినా రాయి అక్కర్లేదు. అది ఎక్కువగా పట్టేది తొండల్ని, ఎలుకల్ని, చిన్న పిట్టల్ని. ఎప్పుడైనా కోడిపిల్ల మీద పడకుండా అమ్మమ్మ ఇప్పుడు పిల్లల్ని గంప కింద మూస్తోంది. మామయ్యేమో ఏ పక్షి కనిపించినా ఫొటో తీసి పంపుతున్నాడు: "ఇదేందిరా? ఈసారి మంచిగ చూసి చెప్పు."